ఇరవై ఆరో చోటు ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఆటల శీర్షిక

ఫిబ్రవరి నడిమికి వచ్చేసరికి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో బేస్‌బాల్ ప్రశ్నలు పెరుగుతాయి. అమెరికా బేస్‌బాల్‌లో అగ్ర లీగైన మేజర్ లీగ్‌లోని 30 జట్లలో సగం అరిజోనాకు, సగం ఫ్లోరిడాకు వెళ్ళి ఆరు వారాల పాటు సన్నాహక శిబిరాలు నడుపుకుంటాయి. స్ప్రింగ్ ట్రైనింగ్ అని పిలిచే ఈ శిబిరాలలో ఎవరు జట్టులో ఉంటారు, ఎవరు కింది లీగ్‌కు వెళతారు అన్నది తేలుతుంది. ఏళ్ళ తరబడి ఈ ఆటను ప్రేమిస్తున్న నాకు సీజన్ కంటే ఈ ఆరు వారాలంటేనే మక్కువ ఎక్కువ. అందుచేత ఈసారి శీర్షిక మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న (ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్): నమస్కారమండీ. మా ఇంట్లో అందరం క్రికెట్ చూస్తాము, పన్నెండేళ్ళ మా అబ్బాయి ఒక్కడికే బేస్‌బాల్ ప్రాణం. కిందటి మార్చిలో వాడి పోరు పడలేక అరిజోనా తీసుకెళ్ళి నాలుగు ఆటలు చూపించాము. వాడికి నచ్చిన ఒక యువ బ్యాటర్ ఆ నెలంతా పదింట నాలుగుసార్లు హిట్ (బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరడం) కొట్టాడు. తీరా సీజన్ మొదలయ్యే రోజున జట్టు జాబితాలో అతని పేరు లేదు. పదింట రెండుసార్లయినా కొట్టలేనివాడికి మాత్రం చోటు దొరికింది. "బాగా ఆడినవాణ్ణి పంపేసి ఆడనివాణ్ణి ఎందుకు ఉంచుకున్నారమ్మా?" అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

జవాబు: అమ్మా, మీ అబ్బాయి అడిగిన ప్రశ్ననే ప్రతి మార్చి చివరి వారంలో పెద్ద పెద్ద అభిమానులు కూడా అడుగుతుంటారు. ఇందులో ఒక భాగం ఆటకు, రెండో భాగం నిబంధనలకు సంబంధించినది.

ముందు ఆట సంగతి. అన్నం ఉడికిందీ లేనిదీ ఒక్క మెతుకు పట్టి చూసి చెప్పవచ్చు గాని, బ్యాటర్ పనితనాన్ని యాభై అవకాశాలు చూసి చెప్పలేము. శిబిరం మొత్తం మీద ఒక ఆటగాడికి దొరికేవి దాదాపు అన్నే. యాభై అవకాశాలలో పదిహేను హిట్లు కొట్టినవాడి సగటు .300, పన్నెండు కొట్టినవాడి సగటు .240. మొదటివాణ్ణి నాణ్యమైన బ్యాటర్ అంటాము, రెండోవాణ్ణి సామాన్యుడంటాము, కాని వారి మధ్య ఉన్న తేడా నెల రోజులలో మూడే మూడు హిట్లు, అందులోనూ ఒకటి రెండు ఫీల్డర్ల నడుమ అదృష్టం కొద్దీ పడినవి కావచ్చు. ఎదురుగా బంతి వేస్తున్నది ఎవరన్నదీ చూడాలి. ఒక రోజు పేరుమోసిన పిచర్ (బంతి వేసేవాడు) వేస్తాడు, మరునాడు తొమ్మిది ఇన్నింగ్సుల ఆటలో ఆరోది దాటాక, జట్టులో స్థిరపడనివారికిచ్చే తొంభై దాటిన నంబరు చొక్కా వేసుకున్న పందొమ్మిదేళ్ళ కుర్రవాడు వేస్తాడు. ఆ పేరుమోసిన పిచర్ కూడా ఆ పూట గెలవాలని రాకపోవచ్చు, చలికాలంలో నేర్చుకున్న ఒక కొత్త బంతినే పదే పదే వేసి అది ఎలా పోతున్నదో చూసుకోవడానికి వచ్చి ఉండవచ్చు. దీనికి తోడు అరిజోనా గాలి పొడిగా ఉండటం వల్ల కొట్టిన బంతి దూరం పోతుంది, వంపు తిరగవలసిన బంతి తగినంత తిరగదు. అందుకే జట్టు నిర్వాహకులు మార్చిలో సగటుల కంటే ఇతర విషయాల మీద దృష్టి పెడతారు. పిచర్ బంతి వేగం కిందటి ఏడాదికంటే పెరిగిందా తగ్గిందా, బ్యాటర్ తన పరిధిలో లేని బంతుల వెంట పడుతున్నాడా లేదా, ఎన్నిసార్లు స్ట్రైకౌట్ (బంతిని కొట్టలేక ఔట్) అవుతున్నాడు, బంతిని ఎంత గట్టిగా కొడుతున్నాడు అన్నవి కొద్ది రోజులలోనే కొంత నిజం చెబుతాయి.

ఇక నిబంధనల సంగతి. మీ అబ్బాయికి అర్థం కాని అన్యాయమంతా ఇక్కడే ఉంది. ప్రతి జట్టుకు రెండు జాబితాలు ఉంటాయి. పెద్దది 40 మందిది. అందులోంచి మైదానంలోకి దిగడానికి అర్హత ఉన్నవారి జాబితా 26 మందిది. 2020కి ముందు అది 25 మందే ఉండేది. ఈ 26 మందిలో పిచర్లు 13 మందికి మించకూడదు. శిబిరానికి మాత్రం 40 మందే కాక, జాబితాలో లేని ఆహ్వానితులు కూడా మరో ఇరవై మందికి పైగా వస్తారు. అటువంటి ఆహ్వానితుడు ఎంత బాగా ఆడినా అతన్ని తీసుకోవాలంటే ముందు 40 మందిలో ఒక ఖాళీ ఉండాలి, ఖాళీ లేకపోతే ఎవరినో ఒకరిని తొలగించాలి, లేదా గాయపడినవారిలో ఒకరిని 40 మంది లెక్కలోకి రాని 60 రోజుల గాయాల జాబితాకు మార్చాలి.

40 మందిలో ఉన్నవాడి విషయంలో అసలు మాట "ఆప్షన్". జాబితాలో చేరిన ఆటగాణ్ణి సాధారణంగా మూడు సీజన్ల పాటు జట్టు తన ఇష్టం వచ్చినప్పుడు మైనర్ లీగ్‌కు (కింది లీగ్‌కు) పంపి, ఇష్టం వచ్చినప్పుడు తిరిగి పిలుచుకోవచ్చు. ఒక సీజన్‌లో 20 రోజులు కింద గడిపితే ఒక ఆప్షన్ ఖర్చయినట్టు లెక్క. 2022 నుంచి ఒకే ఆటగాణ్ణి ఒక సీజన్‌లో ఐదుసార్లకు మించి ఇలా పంపకూడదన్న కట్టడి కూడా వచ్చింది. మూడు ఆప్షన్లూ అయిపోయినవాణ్ణి కిందికి పంపాలంటే అతన్ని మొదట వేవర్స్ మీద పెట్టాలి, అంటే మిగతా 29 జట్లలో ఎవరు కోరుకుంటే వారు అతన్ని తీసుకుపోవచ్చు.

ఇప్పుడు మీరు చూసిన ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టండి. వారి వివరాలు నాకు తెలియవు గాని, ఇటువంటి సందర్భాలలో సాధారణంగా జరిగేది ఇది. కుర్రవాడికి ఆప్షన్లు మిగిలి ఉంటాయి, కాబట్టి అతన్ని మైనర్ లీగ్‌లో పై మెట్టైన ట్రిపుల్ ఏకు పంపినా జట్టు చేయి దాటిపోడు. రెండోవాడికి ఆప్షన్లు అయిపోయి ఉంటాయి, అతన్ని పంపిస్తే రేపు మరొక జట్టు చొక్కాలో కనిపిస్తాడు. ఇద్దరినీ నిలుపుకోవాలనుకునే నిర్వాహకుడు కుర్రవాణ్ణి పంపి పెద్దవాణ్ణి ఉంచుకుంటాడు. మీ అబ్బాయికి నచ్చినవాడు ఓడిపోలేదు, ఇంటికీ పోలేదు, వరుసలో నిలబడ్డాడు. బాబుకు ఈ మాట చెప్పండి.

అయితే ఈ పద్ధతిని నేను పూర్తిగా సమర్థించను. ఇరవై ఐదో, ఇరవై ఆరో చోటు విషయంలో ఇది వివేకమే. కాని ప్రతిరోజూ ఆడే స్థానంలో తక్కువవాణ్ణి కేవలం ఆప్షన్లు లేవన్న కారణంతో నిలబెడితే, ఏప్రిల్ నెలలో ఆ జట్టు ఓడిపోయే ఆటలు సెప్టెంబరులో తిరిగి రావు. పోగొట్టుకుంటామేమోనన్న భయంతో ఉంచుకున్న ఆటగాణ్ణి మే నెలలో ఎలాగూ వదులుకోవలసి రావడం నేను చాలాసార్లు చూశాను.

శిబిరం ఏమీ తేల్చదని కూడా అనుకోవద్దు. 1999 డ్రాఫ్టులో (జట్లు వంతులవారీగా కొత్తవారిని ఎంచుకునే ప్రక్రియలో) 13వ రౌండులో, 402వ వాడిగా సెయింట్ లూయిస్ కార్డినల్స్ తీసుకున్న ఆల్బర్ట్ పూహోల్స్ 2001 శిబిరానికి వచ్చేనాటికి అతనికి మైనర్ లీగ్‌లో ఒక్క సీజన్ అనుభవమే ఉంది. ఆ ఏడాది అతనికి చోటు దొరుకుతుందని ఎవరూ అనుకోలేదు. శిబిరమంతా ఆపకుండా కొట్టాడు, చివరిలో జట్టులోని బాబీ బోనియా గాయపడటంతో చోటు ఖాళీ అయింది, పూహోల్స్ జట్టుతో బయలుదేరాడు. ఆ సీజన్‌లో .329 సగటుతో 37 హోమ్ రన్లు (క్రికెట్ సిక్సర్ వంటివి) కొట్టి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు, రిటైరయ్యేనాటికి 703 హోమ్ రన్లు అతని ఖాతాలో ఉన్నాయి.

ప్రశ్న (ఒక విద్యార్థి, ఫీనిక్స్): శిబిరానికి పిచర్లు, క్యాచర్లు అందరికంటే ముందు ఎందుకు వస్తారండీ?

జవాబు: భుజం కోసం. బ్యాటర్‌కు చూపు, లయ కుదరడానికి రెండు మూడు వారాలు చాలు. పిచర్ చేయి శ్రమకు అలవాటు పడటానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. మొదట ఎదురుగా బ్యాటర్ లేకుండా వేస్తాడు, తరువాత సొంత జట్టు బ్యాటర్లకు వేస్తాడు, మొదటి ఆటలో ఒకటి రెండు ఇన్నింగ్సు, మార్చి చివరికి ఐదారు ఇన్నింగ్సు, 80 నుంచి 90 బంతుల దాకా పెంచుకుంటూ పోతాడు. ఆటను మొదలుపెట్టే పిచర్ ఐదు రోజులకొకసారి వేస్తాడు గనుక ఈ మెట్లు తొందరగా ఎక్కడం కుదరదు. ముప్పై మందికి పైగా పిచర్లు వేసే బంతులను పట్టడానికి మనుషులు కావాలి కదా, అందుకని క్యాచర్లూ వారితోనే వస్తారు.

ప్రశ్న (ఒక బ్యాంకు ఉద్యోగి, హైదరాబాదు): రాత్రిళ్ళు మేలుకుని ఈ ఆట చూస్తుంటాను. అందరికంటే బాగా ఆడే కొత్తవాణ్ణి కూడా రెండు వారాలు కావాలని కింద ఉంచి, ఆ తరువాత పిలుస్తారని విన్నాను. మన క్రికెట్‌లో సెలెక్టర్లు పొరపాటు చేస్తారేమో గాని, తెలిసి తెలిసి మెరుగైనవాణ్ణి పక్కన పెట్టరు. ఇది నిజమేనా?

జవాబు: నిజమే. ఈ ఆటలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం ఇదే.

మేజర్ లీగ్ జాబితాలో ఉన్న ప్రతి రోజునూ ఆటగాడి సర్వీసుగా లెక్కగడతారు. సీజన్‌లో 180కి పైగా రోజులు ఉన్నా, 172 రోజులు పూర్తయితే ఒక ఏడాది సర్వీసు వచ్చినట్టే. అటువంటి ఏళ్ళు ఆరు నిండితే ఆటగాడు తన ఇష్టం వచ్చిన జట్టుతో బేరం కుదుర్చుకునే స్వేచ్ఛ పొందుతాడు. కొత్తవాణ్ణి మొదటి ఏడాది 171 రోజులకే పరిమితం చేస్తే ఆ ఒక్క రోజు లోటు వల్ల జట్టుకు అతని మీద ఆరేళ్ళకు బదులు దాదాపు ఏడేళ్ళ హక్కు దక్కుతుంది.

171 అన్న సంఖ్యను నేను ఊహించి రాయలేదు. 2015 వసంతంలో షికాగో కబ్స్ శిబిరంలో క్రిస్ బ్రయంట్ .425 సగటుతో 9 హోమ్ రన్లు కొట్టాడు. ఆ మార్చిలో అన్ని జట్లలోనూ అంతకు మించి హోమ్ రన్లు కొట్టినవాడు లేడు. అంతకు ముందు ఏడాది మైనర్ లీగ్‌లో 43 కొట్టాడు. అయినా ఫీల్డింగ్ మెరుగుపడాలని చెప్పి అతన్ని అయోవాలోని ట్రిపుల్ ఏ జట్టుకు పంపారు. కబ్స్ ఎనిమిది ఆటలు ఆడేశాక ఏప్రిల్ 17న పిలిచారు. ఆ రెండు వారాలలో ఫీల్డింగ్ ఎంత మారుతుందో ఎవరికి వారే ఆలోచించుకోవచ్చు. సీజన్ ముగిసేసరికి అతని సర్వీసు సరిగ్గా 171 రోజులు. ఆ ఏడాది అతను ఉత్తమ కొత్త ఆటగాడు, మరుసటి ఏడాది లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు. 108 ఏళ్ళ తరువాత కబ్స్ ప్రపంచ సిరీస్ గెలిచిన 2016 రాత్రి చివరి బంతిని అందుకుని మొదటి బేస్‌కు విసిరింది కూడా అతనే. తనకు జరిగిన దానిపై అతను ఆటగాళ్ళ సంఘం ద్వారా ఫిర్యాదు చేశాడు. 2020 ఆరంభంలో మధ్యవర్తి తీర్పు జట్టుకు అనుకూలంగా వచ్చింది. జట్లకు, ఆటగాళ్ళ సంఘానికి మధ్య ఉన్న ఒప్పందంలో రాసి ఉన్న మాట ప్రకారం జట్టు చేసింది తప్పు కాకపోవచ్చు, కాని టికెట్టు కొనుక్కుని ఆ ఎనిమిది ఆటలకు వెళ్ళిన అభిమానికి జట్టు తన దగ్గర ఉన్న ఉత్తమమైన ఆటను చూపించలేదు. అందుకే అది నాకు తప్పుగానే కనిపిస్తుంది.

2022 ఒప్పందంలో కొంత మందు వేశారు. పేరుపొందిన కొత్తవాణ్ణి మొదటి రోజు నుంచీ జట్టులో ఉంచుకుని, అతను ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికైతే ఆ జట్టుకు డ్రాఫ్టులో అదనంగా ఒక ఎంపిక ఇస్తారు. సియాటిల్ మారినర్స్ ఆ ఏడాదే హూలియో రోడ్రిగెజ్‌ను మొదటి రోజు నుంచి ఆడించి ఆ బహుమతి పొందింది. రెండో వైపు నుంచి, ఆలస్యంగా పిలిచినా ఆ కొత్తవాడు ఉత్తమ కొత్త ఆటగాడి ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాలలో నిలిస్తే అతనికి పూర్తి ఏడాది సర్వీసు దక్కుతుంది. 2024 మే నెలలో వచ్చిన పిట్స్‌బర్గ్ పిచర్ పాల్ స్కీన్స్‌కు అలాగే దక్కింది. కాబట్టి దాచిపెట్టడం వల్ల వచ్చే లాభం మునుపటి అంత ఖాయం కాదు.

అయితే ఒక మాట. కింద ఉంచిన ప్రతిసారీ దురుద్దేశమే ఉందని అనలేము. 2022 డ్రాఫ్టులో మొట్టమొదట ఎంపికైన జాక్సన్ హాలిడే 2024 శిబిరంలో బాగా ఆడినా, ఇరవై ఏళ్ళ అతన్ని బాల్టిమోర్ ట్రిపుల్ ఏకు పంపింది. అభిమానులు మండిపడ్డారు, వారిలో నేనూ ఉన్నాను. ఏప్రిల్ 10న పిలిచారు. 34 అవకాశాలలో 2 హిట్లు మాత్రమే కొట్టగలిగాడు, నెల తిరగకుండానే వెనక్కు పంపవలసి వచ్చింది. శిబిరంలో కనిపించిన ఆట అసలు ఆటకు సరిపోతుందో లేదో చెప్పడం నిర్వాహకులకూ కష్టమే. ఆ ఏప్రిల్ తరువాత ఇటువంటి విషయాలలో తొందరపడి నిందించడం తగ్గించుకున్నాను.

ప్రశ్న (ఒక విశ్రాంత ఇంజనీరు, ఎడిసన్, న్యూజెర్సీ): నేను పదేళ్ళుగా అభిమానించే పిచర్‌కు ఇప్పుడు ముప్పై ఆరేళ్ళు. ఈసారి మైనర్ లీగ్ ఒప్పందం మీద శిబిరానికి వచ్చాడు. మార్చి చివరికి అతని గతి ఏమిటి?

జవాబు: అయ్యా, శిబిరంలో నా కళ్ళు ముందుగా వెతికేది మీ పిచర్ వంటివారినే. మైనర్ లీగ్ ఒప్పందం మీద వచ్చినవాడు 40 మంది జాబితాలో ఉండడు, కాబట్టి అతన్ని పంపేయడానికి జట్టుకు ఏ అడ్డూ లేదు. అయితే ఆరేళ్ళకు పైబడిన సర్వీసు ఉండి, కిందటి సీజన్‌ను మేజర్ లీగ్ జాబితాలోనే ముగించినవారికి ఒక రక్షణ ఉంది. సీజన్ మొదలయ్యే రోజుకు ఐదు రోజుల ముందు, మళ్ళీ మే 1న, జూన్ 1న వారు తమను జట్టులో చేర్చుకోమని, లేదంటే విడిచిపెట్టమని అడగవచ్చు. మార్చి ఇరవై దాటాక అనుభవజ్ఞులైన ఆటగాళ్ళు హఠాత్తుగా విడుదలై, రెండు రోజులలో మరొక జట్టులో తేలడం మీరు గమనించే ఉంటారు. దానికి చాలాసార్లు కారణం ఇదే. మీ పిచర్‌కు ఆ అర్హత ఉంటే, అతని శిబిరం నిజంగా ఒక్క జట్టు ముందు పరీక్ష కాదు, 30 జట్ల ముందు పరీక్ష.

ఆ ఆఖరి చోటు కోసం వీరంతా ఎందుకంత తపించిపోతారో డబ్బు లెక్క చూస్తే తెలుస్తుంది. 2026లో మేజర్ లీగ్ కనీస వేతనం 7,80,000 డాలర్లు, రోజుకు లెక్కవేస్తే నాలుగు వేల డాలర్ల పైమాటే. 2023 మైనర్ లీగ్ ఒప్పందం ప్రకారం ఆ ఏడాది ట్రిపుల్ ఏ ఆటగాడి కనీస వేతనం 35,800 డాలర్లు. పైన తొమ్మిది రోజులు ఉంటే కింద ఏడాదంతా సంపాదించేది వచ్చేస్తుంది. మేజర్ లీగ్‌లో 43 రోజుల సర్వీసు ఉంటే పింఛనుకు అర్హత వస్తుంది. మీ పిచర్‌కు ఈ చింత ఉండకపోవచ్చు గాని, అతని పక్క లాకర్‌లో పన్నెండేళ్ళు మైనర్ లీగ్ బస్సులలో తిరిగి, ఆ 43 రోజులకు ఇంకా కొద్ది రోజుల దూరంలో ఆగిపోయినవాడు ఉండవచ్చు.

ప్రశ్న (ఒక కళాశాల విద్యార్థిని, విశాఖపట్నం): మన దేశం నుంచి ఎవరైనా ఈ శిబిరాల దాకా వెళ్ళారా?

జవాబు: వెళ్ళారు. 2008లో మన దేశంలో బంతి విసిరే పోటీ ఒకటి టెలివిజన్ కోసం నిర్వహించారు. అందులో ఎంపికైన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ ఉత్తరప్రదేశ్‌కు చెందిన జావెలిన్ క్రీడాకారులు. అప్పటికి బేస్‌బాల్ అంటే ఏమిటో వారికి తెలియదు. (క్రికెటర్ రింకూ సింగ్ వేరు.) అమెరికాలో కొన్ని నెలల శిక్షణ తరువాత ఆ ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్ పైరేట్స్ వారితో ఒప్పందం చేసుకుంది, ఫ్లోరిడాలోని బ్రేడెంటన్‌లో వారు సాధన చేశారు. దినేశ్ 2010లో తిరిగి వచ్చేశాడు. ఎడమచేతి వాటం పిచరైన రింకూ కొన్ని సీజన్ల పాటు మైనర్ లీగ్‌లో వేశాడు, మోచేతి గాయంతో అతని ప్రయాణం ఆగింది. ఇద్దరూ మేజర్ లీగ్ దాకా చేరలేదు. ఆటే తెలియని వయసు నుంచి రెండేళ్ళలో ఒక వృత్తి జట్టు తరఫున వేయగలగడం నా దృష్టిలో చిన్న విషయం కాదు.

ప్రశ్న (ఒక పాఠకుడు, గుంటూరు): చాండ్లర్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి మార్చిలో వెళుతున్నాము. అల్లుడు స్ప్రింగ్ ట్రైనింగ్ ఆటకు తీసుకెళతానంటున్నాడు. ఏమి చూడాలో చెప్పండి.

జవాబు: తప్పకుండా వెళ్ళండి. ఫీనిక్స్ చుట్టుపక్కల పది మైదానాలలో పదిహేను జట్లు ఆడతాయి, సర్‌ప్రైజ్, పియోరియా, గుడ్‌ఇయర్ వంటి చోట్ల రెండేసి జట్లు ఒకే మైదానాన్ని పంచుకుంటాయి. మైదానాలు చిన్నవి, గడ్డి మీద దుప్పటి పరుచుకుని కూర్చునే చోటు కూడా ఉంటుంది, టోపీ మాత్రం మరిచిపోకండి. ఆట మధ్యాహ్నం అయినా వీలైతే ఉదయమే వెళ్ళండి. ప్రధాన మైదానం పక్కనున్న చిన్న మైదానాలలో సాధన జరుగుతుంటుంది, చాలా చోట్ల దగ్గరగా నిలబడి చూడనిస్తారు. క్యాచర్ చేతి తొడుగులో బంతి పడే చప్పుడు అంత దగ్గర నుంచి వింటే, టీవీలో మీరు చూసిన వేగానికి అర్థం తెలుస్తుంది.

పేరున్న ఆటగాళ్ళు నాలుగైదు ఇన్నింగ్సు ఆడి వెళ్ళిపోతారు, వారితో పాటే జనంలో సగం మంది లేచిపోతారు. మీరు లేవవద్దు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, స్కోరు ఎంతో ఎవరూ పట్టించుకోని వేళ, 80, 90 నంబర్ల చొక్కాలతో వచ్చేవారిని చూడండి. మామూలు గ్రౌండ్ బాల్ (నేల మీదుగా పోయే బంతి) కొట్టి కూడా మొదటి బేస్‌కు ప్రాణం పెట్టి పరిగెత్తేవాడు ఒకడైనా కనిపిస్తాడు. అతని నంబరు రాసుకుని, మార్చి చివరి వారంలో జాబితాలు వెలువడినప్పుడు అతను ఎక్కడున్నాడో వెతకండి. కనబడితే నాకొక ఉత్తరం రాయండి, కనబడకపోయినా రాయండి.